తోకనే తలగా చూపే పాము

ఆరు నెలలు ఒక తల వైపు, ఆరు నెలలు ఇంకో తల వైపు నడిచే పాము ఉందని చిన్నప్పుడు విననివాళ్లు మనలో తక్కువ. చెప్పేవాళ్లు కళ్లారా చూసినట్టే చెప్తారు. గట్టిగా నిలదీస్తే చూసింది తాము కాదు, మేనమామో, పక్కూరి పాలేరో అంటారు. ఆ పాము నిజంగానే ఉంది. దాని రెండు కొసలూ ఒకేలా కనబడతాయన్నదీ నిజమే. నడక మాత్రం ఏడాది పొడుగునా ఒక్కవైపే. రెండో కొసన నోరు లేదు, కళ్లు లేవు, మెదడు లేదు. అది తోక.

మనం రెండు తలల పాము అంటాం. హిందీవాళ్లు దోముహీ అంటారు, మరాఠీవాళ్లు మాండూళ్ అంటారు. పత్రికల్లో, పోలీసు కాగితాల్లో రెడ్ శాండ్ బోవా అని కనబడుతుంది. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఎరిక్స్ జానీ. చుక్క విషం లేని పాము. కరవడమూ అరుదే. ఇరాన్, అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్‌ల ఎడారి నేలల నుంచి రాజస్థాన్, గుజరాత్ మీదుగా దక్కన్ మెట్టల దాకా, అక్కడి నుంచి తమిళనాడు తీరం దాకా దీని రాజ్యం. వాన తక్కువ, నేల గుల్ల, ఎలుకలు ఎక్కువ: ఈ మూడూ ఉన్నచోట ఇది ఉండొచ్చు.

ముందు దాని ఒళ్లు సంగతి చెప్పుకుందాం. ఎదిగిన పాము రెండు అడుగులుంటుంది. బాగా ముదిరితే మూడు, ఎప్పుడో ఒకటి అంతకు మించుతుంది. రోకలి ముక్కలా ఆ కొస నుంచి ఈ కొస దాకా ఇంచుమించు ఒకే లావు. మెడ విడిగా తెలియదు. తోక సన్నబడదు, గుండ్రంగా మొద్దుగా ముగుస్తుంది. పొలుసులు చిన్నవి, నున్నటివి, వాటి మీద మట్టి నిలవదు. రంగు ఇటుక ఎరుపు నుంచి ముదురు గోధుమ దాకా ఉంటుంది, కొన్ని నల్లబారి ఉంటాయి. పిల్లలు నారింజ రంగు మీద నల్లటి పట్టీలతో పుడతాయి, పెరిగేకొద్దీ ఆ పట్టీలు మాసిపోతాయి.

అసలు పనితనమంతా మూతిలో ఉంది. మూతి చివర పొలుసు వెడల్పుగా, అంచు పదునుగా ఉంటుంది. దాంతోనే అది మట్టిని తవ్వుతుంది. ముక్కు రంధ్రాలు సన్నటి చీలికలు. కింది దవడ పై దవడ కిందికి ఇమిడిపోతుంది, కాబట్టి ఇసుకలో ముందుకు నెట్టుకుంటూ పోతున్నా నోట్లోకి రేణువు చేరదు. కళ్లు మరీ చిన్నవి, కంటిపాప నిలువు గీత. ఒంటి అడుగున, తోక మొదలయ్యే చోట, రెండు పక్కలా చిన్న గోరులాంటి ముల్లు కనబడుతుంది. మగవాటిలో ఇది స్పష్టంగా ఉంటుంది. ఎన్నో కోట్ల ఏళ్ల కిందట పాముల పూర్వీకులకు ఉండిన వెనక కాళ్లలో మిగిలింది అదే. కొండచిలువకూ ఉంటుంది. కాళ్లు పోగొట్టుకున్న జంతువు ఆ కాళ్ల గుర్తును ఇన్నాళ్లూ మోస్తోంది.

ఇక ఇల్లు. థార్ ఎడారి అనగానే మన కంటికి కనబడేది సినిమా పాటలో ఇసుక తిన్నెలు, వాటి మీద ఒంటెల వరుస. థార్‌లో తిన్నెలు ఉన్నాయి గానీ థార్ అంతా తిన్నెలే కాదు. రాతి పలకలు, గులకరాళ్ల మైదానాలు, ముళ్ల పొదలు, సజ్జ చేలు, ఊళ్లు అన్నీ ఉన్నాయి. చేల మధ్యలో నీడనిచ్చే చెట్టు ఖేజ్డీ. అది మనకు కొత్తది కాదు, దసరా నాడు పూజ చేసే జమ్మి చెట్టే. రాజస్థాన్‌కు అది రాష్ట్ర వృక్షం, తెలంగాణకూ అదే రాష్ట్ర వృక్షం. ఎండను తట్టుకునే ప్రాణులకు రాష్ట్రాల సరిహద్దులతో పనేముంది?

జైసల్మేర్ వైపు ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. మే నెల మధ్యాహ్నం అక్కడ ఇసుక పైపొర 60 డిగ్రీలు దాటుతుంది. కాలు పెట్టలేం. కానీ అదే ఇసుకలో ఒక అడుగు లోతుకు పోతే సంగతి వేరు. పైన పొయ్యి రగులుతున్నా లోపల చల్లగా, కాస్త తేమగా ఉంటుంది. ఎడారిలో బతకడమంటే ఎండతో పోరాడటం అనుకుంటాం. ఈ పాము పోరాడదు. పగలంతా ఎండ దిగని చోట పడుకుంటుంది. సొంతంగా పెద్ద బొరియ కూడా తవ్వదు. గుల్ల మట్టిలోకి దూరుతుంది, లేదంటే ఎలుక తవ్విన బొరియలో చేరుతుంది, ముందుగా ఎలుకను తిని. ఇల్లూ భోజనమూ ఒకే చోట.

పొద్దు గూకాక బయటికొస్తుంది. తొందర దాని ఒంట్లో లేదు. వేటంటే వెంటాడటం కాదు, కాచుకోవడం. ఒంటిని మట్టిలో దాచి తల మాత్రం పైకి ఆనించి ఉంటుంది. ఎలుక దగ్గరికి వస్తే ఆ బద్ధకం ఎటు పోతుందో, రెప్పపాటులో పట్టి చుట్ట వేస్తుంది. చుట్ట బిగిస్తే ఊపిరాడక చస్తుందని చాలాకాలం అందరూ అనుకున్నారు. పెద్ద బోవాల మీద అమెరికాలో చేసి 2015లో ప్రచురించిన పరిశోధన వేరే మాట చెప్పింది. బిగింపుకు మొదట ఆగేది రక్తప్రసరణ, ఊపిరి కంటే అదే ముఖ్యం, క్షణాల్లో గుండె, మెదడు చతికిలబడతాయి అని. అలా ఒక బలిసిన ఎలుక దొరికితే చాలు, ఈ పాముకు రోజుల తరబడి తిండి చింత ఉండదు. నీళ్ల పొదుపు కూడా అంతే. పాములన్నిటిలాగే ఇదీ మూత్రాన్ని నీళ్లుగా వదలదు, తెల్లటి సున్నం ముద్దగా వదులుతుంది. ఎడారిలో అది పెద్ద ఆదా.

ఇంకో సంగతి. ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. ఒక కాన్పులో పద్నాలుగు దాకా. గుడ్డు పెట్టి వదిలేస్తే ఎండిన ఇసుకలో అది ఎండిపోవచ్చు, వేడికి ఉడికిపోనూవచ్చు. తల్లి కడుపులోనే ఉంటే తల్లి ఎటు చల్లగా ఉంటే అటు మోసుకుపోతుంది. ఎంత చక్కటి ఏర్పాటు అనిపిస్తుంది కదా! కానీ ప్రకృతి మన తర్కాన్ని ఎప్పుడూ పూర్తిగా నెగ్గనివ్వదు. ఇదే కుటుంబంలో అరేబియా ఎడారిలో ఉండే చిన్న పాము ఒకటి గుడ్లు పెడుతుంది.

ఆ పాము గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లు లక్షల్లో ఉన్నారు. కరీంనగర్, నిజామాబాద్ నుంచి, కడప నుంచి, కోనసీమ నుంచి పోయినవాళ్లు. వాళ్లు నడిచే ఇసుక కిందే ఆ పాము ఉంటుంది. దాని కళ్లు తలకు పక్కన ఉండవు, సరిగ్గా నడినెత్తిన ఉంటాయి. ఒళ్లంతా ఇసుకలో పూడ్చుకుని రెండు కళ్లు మాత్రం బయటపెట్టి, బల్లుల కోసం కాచుకుంటుంది. దాని పేరు ఎరిక్స్ జయకారి. జయకార్ అంటే ఆత్మారామ్ సదాశివ్ జయకార్, మన దేశపు డాక్టరు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో మస్కట్‌లో వైద్యం చేస్తూ, తీరిక దొరికినప్పుడు పాముల్ని, చేపల్ని, మేకల్ని సేకరించి లండన్ మ్యూజియానికి పంపించేవాడు. 1888లో ఆ పాముకు ఆయన పేరు పెట్టారు. అరేబియా కొండమేక శాస్త్రీయ నామంలోనూ ఆయన పేరే ఉంది. దాని గుడ్ల విషయానికి వస్తే, గుడ్డు లోపలి నుంచి పెంకు చీల్చుకోడానికి పాము పిల్లలకు మూతి మీద ఒక చిన్న పన్ను ఉంటుంది. ఈ పాము పిల్లలకు అది లేదు. పిల్లల్ని కనే వంశం నుంచే వచ్చి, మళ్లీ గుడ్లకు తిరిగిన పాము ఇదని 2010లో శాస్త్రజ్ఞులు రాశారు. పోయిన అవయవం, పోయిన అలవాటు తిరిగి రావు అన్న పాత సూత్రానికి ఇది అడ్డం తిరిగింది.

మన ఇంటికి వద్దాం. ఆంధ్రదేశంలో ఎడారి ఎక్కడుంది అంటారా? అనంతపురం జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల వైపు వెళ్లి చూడండి. వేదవతి నదిని అక్కడ హగరి అంటారు. ఎగువన నీళ్లు ఆగిపోయాక నది ఎండి ఇసుక మేట మిగిలింది. ఆషాఢం గాలికి ఆ ఇసుక లేచి చేల మీద పడుతుంది, దిబ్బలు కడుతుంది. దిబ్బల పక్కన నిలబడితే రాజస్థాన్‌లో ఉన్నామా అనిపిస్తుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల లెక్కలో వాన పడే జిల్లా అది. మన దేశంలో తక్కువ వాన పడే జిల్లాల పేర్లు చెప్పేటప్పుడు జైసల్మేర్ తర్వాత అనంతపురం పేరే చెప్తారు. ఈ పాము ఉండాలంటే దిబ్బలే అక్కర్లేదు. రాయలసీమలోనూ, తెలంగాణ మెట్ట ప్రాంతాల్లోనూ ఎర్ర నేలలు, చెనక్కాయ చేలు, కంపచెట్ల గట్లు దానికి సరిపోతాయి.

చెనక్కాయ పెరికే కాలంలో మా చిన్నాయన చేనుకు పోయాను ఒకసారి. కూలోళ్లు వరసగా కూర్చుని చెట్లు పీకి, మట్టి విదిలించి, కుప్పలు వేస్తున్నారు. ఉన్నట్టుండి ఒకామె చెయ్యి వెనక్కి లాక్కుని లేచి నిలబడింది.

"అన్నా, పింజర! పింజరుందిన్నా ఈడ!"

చిన్నాయన వచ్చి వంగి చూశాడు. "పింజర కాదమ్మే, రెండు తలకాయల పాము. పక్కకి రాండి, దాని దావన అది పోతాది."

"నాకితే కుష్టొస్తాదంట గదన్నా!"

"నిన్ను నాకేదానికి దానికేం పనమ్మే? దానికి కావాల్సింది నీ చేనిలో ఎలక."

నవ్వులయ్యాక నేను దగ్గరికి పోయి చూశాను. గుల్లగా లేచిన మట్టిలో చుట్టుకుని ఉంది. తల ఎక్కడుందో వెంటనే తెలియలేదు. చుట్టల కింద, అన్నిటికన్నా అడుగున దాచేసుకుంది. పైకి లేచింది తోక. అది నేలకు రెండు వేళ్ల ఎత్తున నిలిచి మెల్లగా అటూ ఇటూ కదులుతోంది, మమ్మల్ని పరికిస్తున్నట్టే. చివర్న పాత గాయం మానిన మచ్చ ఒకటి ఉంది, లేత రంగులో, కాస్త గుంట పడి. కాసేపు మేం కదలకుండా ఉంటే తోక దించింది. అడుగు నుంచి మూతి బయటికొచ్చింది. తల ఒక్కసారి ఇటు, ఒక్కసారి అటు ఊగింది, మట్టి విడింది, ఒళ్లు అందులోకి దిగడం మొదలైంది. బొరియ పడలేదు. మట్టి దాని మీద తిరిగి మూసుకుంటూ పోయింది. అంతా దిగాక మిగిలింది నేల మీద చిన్న ఉబ్బు, అది కూడా ఒక అడుగు ముందుకు జరిగి ఆగిపోయింది. కూలోళ్లు ఆ సాలు వదిలేసి పక్క సాలు పట్టుకున్నారు.

ఆ మచ్చ ఉంది చూశారూ, అందులోనే ఉంది ఈ పాము కథంతా. నక్కో ముంగిసో గద్దో వస్తే ముందు కొట్టేది తల మీద. తల పోతే ప్రాణం పోతుంది. తోకకు దెబ్బ తగిలితే మచ్చ పడుతుంది, అంతే. అందుకే తలను దాచి, తోకను తలగా చూపించి, దెబ్బ అక్కడ తినడం నేర్చింది. కొరికిన జంతువు తాను తల కొరికాననుకుంటుంది, ఈలోగా అసలు తల మట్టిలో దారి వెతుక్కుంటుంది. ఈ జాతి పాముల్లో తోక మీద మచ్చలున్నవి తరచుగా కనబడతాయి. ఆ ఎత్తు పారిందనడానికి అవే సాక్ష్యం. విషం గానీ పారిపోయే వేగం గానీ లేని జీవి చేసుకున్న ఏకైక ఏర్పాటు ఇది.

అయితే నక్కను మోసం చేయడానికి వేసిన వేషం మనిషిని ఆకర్షించింది. ఈ పాము దురదృష్టం అక్కడ మొదలైంది.

మొదట దాన్ని వాడుకున్నది పాములాడించేవాళ్లు. మొద్దు తోక చివర కోసి, గాట్లు పెట్టి, కళ్లూ నోరూ ఉన్నట్టు తయారుచేసి సంతలో చూపించేవారు. జనం పైసలు వేసేవారు. దెబ్బ పాముది, కడుపు మనిషిది. తప్పే గానీ, అది పేదరికపు తప్పు, ఒకటి రెండు పాములతో పోయేది. తర్వాత వచ్చింది దీనికంటే చాలా పెద్దది. దాని దగ్గరికి వెళ్లేముందు విశాఖపట్నం వెళ్లొద్దాం, ఎందుకంటే ఈ పాముకు పేరు పెట్టిన మనిషి మన ఊళ్లో ఉండి వెళ్లినవాడు.

పాట్రిక్ రస్సెల్ స్కాట్లండ్ డాక్టరు. అంతకుముందు సిరియాలోని అలెప్పోలో ప్లేగుకు వైద్యం చేశాడు. 1781లో తమ్ముడు ఈస్టిండియా కంపెనీ అధికారిగా విశాఖపట్నం వస్తుంటే వెంట వచ్చాడు. ఇక్కడ చూసిందేమంటే, పాముకాటుకు జనం చచ్చిపోతున్నారు, అదే సమయంలో ఏ హానీ చేయని పాము కరిచినా భయంతో వణికిపోతున్నారు. ఏది విషప్పాము, ఏది కాదు అన్నది చూసి గుర్తుపట్టే దారి ఉండాలన్నది ఆయన పట్టుదల. కోరమాండల్ తీరంలో దొరికిన పాముల్ని పట్టించి, బొమ్మలు వేయించి, 1796లో లండన్‌లో పెద్ద గ్రంథం అచ్చు వేయించాడు. అందులో చాలా పాముల కింద ఇంగ్లీషు లిపిలో ఉన్నవి మన తెలుగు పేర్లు. పట్టి తెచ్చినవాళ్లు చెప్పిందే రాసుకున్నాడు కదా! మన రక్తపింజరకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఆ రస్సెల్ పేరే. రెండో సంపుటం 1801 నుంచి భాగాలుగా వచ్చింది. ఈ రెండు తలల పాము ఆ సంపుటంలో ఉంది. తమిళ తీరంలోని తరంగంబాడిలో ఉండిన జాన్ అనే జర్మన్ మిషనరీ పేరు మీద దానికి జానీ అని పేరు పెట్టాడు.

ఇప్పటికీ రస్సెల్ బాధ తీరలేదు. మా చిన్నాయన చేలో ఆమె పింజర అని అరిచింది చూడండి. దీని దగ్గరి చుట్టం ఒకటి ఉంది, గరుకు పొలుసులు, ఒంటి మీద ముదురు మచ్చలతో. దాన్ని రక్తపింజర అనుకుని, చిన్న పింజర అనుకుని కొట్టి చంపేస్తారు. రక్తపింజర మచ్చలు గుండ్రంగా, గొలుసు పేర్చినట్టు వరసలో ఉంటాయి, తల మెడ నుంచి విడిగా మూడు మూలలుగా తెలుస్తుంది. ఈ చుట్టం మచ్చలు అడ్డదిడ్డంగా ఉంటాయి, తోక పొట్టి. తేడా తెలిసినా దగ్గరికి పోయి పరీక్షలు చేయకండి. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకు పోయిన ప్రాణాలు 12 లక్షలని ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది, ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ మరణాలు జరిగే రాష్ట్రాల జాబితాలో మనమూ ఉన్నాం, రాజస్థాన్ కూడా ఉంది. జనం భయపడటంలో అర్థం ఉంది. అర్థం లేనిది భయం మళ్లిన తర్వాత వచ్చే ఆశ.

ఆ ఆశ సంగతి ఇది. ఈ పాము ఇంట్లో ఉంటే సిరి వస్తుందట. గుప్తనిధులు చూపిస్తుందట. క్యాన్సర్‌కు, ఎయిడ్స్‌కు మందు దీంతో తయారుచేస్తారట, మగతనం పెరుగుతుందట. బరువు మూడు కిలోలు దాటితే కోటి, నాలుగు దాటితే ఇన్ని కోట్లు అని ఒక రేటు గాలిలో తిరుగుతుంది. రైస్ పుల్లింగ్ చెంబు, ఇరిడియం, నాగమణి అంటూ తిరిగే మోసగాళ్ల ముఠాల నోటనే ఈ పాము మాటా వినబడుతుంది. అందులో పాత్రలు కూడా అవే: ఊరి నుంచి పాము తెచ్చేవాడు, మధ్యవర్తులు నలుగురు, లాడ్జి గది, విదేశాల నుంచి వస్తాడనే పార్టీ. ఆ పార్టీ ఎప్పుడూ రేపే వస్తాడు. ఇది తెలిసీ అడ్వాన్సులు ఇచ్చేవాళ్లలో చదువుకున్నవాళ్లు, ఉద్యోగులు ఉన్నారు. ఈ పాము మాంసంలో గానీ రక్తంలో గానీ అలాంటి మందు ఉందని వైద్యశాస్త్రం చెప్పలేదు. నా మటుకు నాకు అనిపించేది, ఈ వ్యాపారంలో నిజంగా అమ్ముడుపోయేది పాము కాదు, కథ. ఒకడి నుంచి ఇంకొకడికి చేతులు మారేది ఆ కథే. మధ్యలో చచ్చేది మాత్రం పాము.

అడవి జంతువుల అక్రమ రవాణా మీద పనిచేసే డబ్ల్యూసీఎస్ ఇండియా సంస్థ 2016 నుంచి 2021 దాకా పత్రికల్లో వచ్చిన పట్టివేతలు పోగుచేసి చూసింది. ఆ ఆరేళ్లలో 172 సంఘటనలు తేలాయి, 18 రాష్ట్రాల్లో, ఒక కేంద్రపాలిత ప్రాంతంలో, 87 జిల్లాల్లో. మహారాష్ట్రలో అన్నిటికంటే ఎక్కువ, 59. తర్వాత ఉత్తరప్రదేశ్, 33. 2021లో ఈ పాము అమ్మకం మీద యూట్యూబ్‌లో 200 దాకా వీడియోలు కనిపించాయట, ఫోన్ నంబర్లతో సహా. ఇవన్నీ పట్టుబడినవీ కంటపడినవీ మాత్రమే. ఇంటర్నెట్ వచ్చాక మూఢనమ్మకాలు తగ్గుతాయనుకున్నాం. వాటికి డోర్ డెలివరీ వచ్చింది.

ఈ జాతి ఇప్పుడు ప్రమాదానికి దగ్గరగా ఉన్నవాటి పట్టికలో చేరింది. అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ పెట్టిన మాట అది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని పట్టినా, ఇంట్లో ఉంచుకున్నా, అమ్మినా, కొన్నా నేరమే. సిరి కోసం ఇంట్లో ఉంచుకున్నానంటే కోర్టు ఒప్పుకోదు. దేశాల మధ్య వ్యాపారానికీ ఆంక్షలున్నాయి.

కేసు పెట్టేంత వరకు దారి తెలుసు. ఆ తర్వాతి సంగతి చాలామంది ఆలోచించరు. పట్టుకున్న పాము కేసులో సొత్తు అవుతుంది. మేజిస్ట్రేటు అనుమతి వచ్చాక వదలాలి. ఎక్కడ? సంచిలో ఉన్న పాము ఏ ఊరి చేలోదో నిందితుడు చెప్పడు, చెప్పినా నిజమో కాదో తెలియదు. అటవీశాఖ దగ్గర ఉన్నది అడవి, కాబట్టి దగ్గర్లోని అడవికే తీసుకుపోతారు. కానీ ఇది అడవి పాము కాదు. ఆకు కుళ్లిన నల్లమట్టి, ఏపుగా పెరిగిన చెట్ల కింద చిత్తడి దీనికి నప్పవు. దీనికి కావాల్సింది పొడి నేల, గుల్ల మట్టి, ఎలుక బొరియలు, అక్కడక్కడా పొదలు. పైగా ఏ పాముకైనా తాను తిరిగిన నేలలో బొరియ ఎక్కడుందో తెలిసి ఉంటుంది, కొత్త చోట ఏదీ తెలియదు. కొత్త చోటికి తరలించిన పాములు ఎక్కువగా తిరిగి, ఎక్కువగా చస్తాయని చాలా జాతుల మీద జరిగిన పరిశీలనలు చెప్తున్నాయి. వదిలిన చోటు ఎర్రమట్టి మెట్ట అయితే బతికే వీలు ఎక్కువ, అడవి అయితే తక్కువ. వదిలిన ఫొటో మాత్రం రెండింట్లోనూ ఒకేలా వస్తుంది.

ఆ మెట్టలైనా మిగులుతున్నాయా అంటే, రికార్డుల్లో వాటి పేరు బంజరు. పనికిరాని భూమి అని అర్థం. థార్‌లో జోధ్‌పూర్ దాటాక భడ్లా దగ్గర 2,245 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. కర్నూలు జిల్లాలో ఓర్వకల్లు వైపు 1,000 మెగావాట్లది వచ్చింది, అనంతపురం వైపు ఎన్.పి. కుంటలో మరొకటి. ఎండ కాసే చోటే ప్యానెళ్లు పెడతారు, అందులో తప్పు పట్టడానికి లేదు, మనకూ కరెంటు కావాలి. నేను అనేదల్లా, భూమిని చదును చేసి, పొదలు తీసేసి, రోలర్‌తో గట్టిపరిచే ముందు, ఆ బంజరులో ఏముందో ఒకసారి చూడమని. ఈ పాముకు ఎండ సమస్య కాదు, మంచుకాలం సమస్య కాదు. గట్టిపడిన నేల సమస్య. దిగడానికి చోటు లేకపోతే దాని మూతి, దాని పొలుసులు, దాని ముక్కు చీలికలు అన్నీ వృథా.

చివరగా పనికొచ్చే మాట ఒకటి. మీ చేలోనో, ఇల్లు కట్టే స్థలంలోనో ఇది కనబడితే కొట్టకండి, పట్టకండి. మనుషులు రెండడుగులు జరిగితే అదే దారి చూసుకుంటుంది. నాకితే కుష్టు రాదు. కుష్టు ఒక సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బు, పాముకూ దానికీ సంబంధం లేదు. ఇంట్లోకి దూరి బయటికి పోలేకపోతుంటే అటవీశాఖవాళ్లకు ఫోన్ చేయండి, దగ్గర్లోని బీడులోనే వదలమని అడగండి. ఫొటో తీసుకోవాలనిపిస్తే తీసుకోండి. కానీ ఊరి పేరు, చేను గుర్తులు పెట్టి వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో పంచకండి. సంచి పట్టుకుని బయల్దేరేవాళ్లు ముందు వెతికేది అక్కడే.